ఇంటిదొంగను పట్టే కణాలు

ఉత్పత్తి అనగానే మన ఉద్యోగుల కళ్ళ ముందు మెదిలేది వేల టన్నుల సరుకు. ఒకే ఒక్క మనిషి కోసం, ఆ మనిషి రక్తకణాలే ముడిసరుకుగా, ఒక చిన్న సంచిలో పట్టేటంత మందును తయారుచేసే కేంద్రం కూడా నేడు మన దేశంలో ఉన్నది. క్యాన్సర్ వైద్యంలో 'కార్-టి' కణచికిత్సగా పేరొందిన ఈ విధానాన్ని రాయపూర్‌లోని మన తెలుగు కుటుంబాలకు పరిచయం చేయదలచాము.

రక్తంలోని తెల్లకణాలలో టి-కణాలు కాపలా భటుల వంటివి. వైరస్ సోకిన కణాలను వెదకి హతమార్చడం వాటి విధి. అయితే క్యాన్సర్ కణం మన శరీరంలోనే పుట్టినది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్లు, టి-కణాలు తరచు దానిని పోల్చుకోలేవు.

అమెరికాలో స్టీవెన్ రోసెన్‌బర్గ్ బృందం కణితిలోనికి చొచ్చుకొనిపోయిన రక్షక కణాలను వెలికితీసి, ప్రయోగశాలలో విస్తారంగా పెంచి, తిరిగి రోగులకు ఎక్కించి 1988లో ఫలితాలను ప్రకటించింది. కార్-టి విధానంలో కణాలను పెంచడమే కాక, శత్రువు ఆనవాలు కూడా నేర్పుతారు. రోగి రక్తాన్ని యంత్రం గుండా పంపి టి-కణాలను వేరుచేస్తారు. వ్యాధి కలిగించకుండా మార్చిన వైరస్ ద్వారా వాటిలో ఒక కొత్త జన్యువును ప్రవేశపెడతారు. అంతట ఆ కణాలు, బి-కణాలపై ఉండే 'సిడి-19' అనే గుర్తును పట్టగల శక్తిని పొందుతాయి. వాటిని పోషకద్రవంలో కొన్ని దినాలు పెంచి, నాణ్యత పరీక్షించి, గడ్డకట్టించి ఆసుపత్రికి పంపుతారు.

భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం రూపొందించిన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కు తాత్కాలిక ఉపశమనం సాధించారు. నాటి నుండి మందులు ఎంతో మెరుగుపడినా, కొందరిలో వ్యాధి తిరిగి వస్తూనే ఉన్నది. అట్టి వారి కొరకే ఈ చికిత్స.

ఐఐటి బొంబాయిలో రాహుల్ పుర్వార్ గారి బృందం, టాటా మెమోరియల్ వైద్యులు కలిసి రూపొందించిన 'నెక్స్‌కార్19'కు 2023 అక్టోబరులో అనుమతి లభించింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దీనిని జాతికి అంకితం చేశారు. 2025లో ప్రచురితమైన ఫలితాలలో, ప్రభావాన్ని అంచనా వేసిన 51 మందిలో 37 మందికి వ్యాధి పూర్తిగానో, కొంతమేరకో తగ్గింది. చికిత్స వల్ల ఇద్దరు మరణించారు కూడా. తీవ్రజ్వరం, రక్తపోటు పడిపోవడం, ఇన్ఫెక్షన్లు రావచ్చు కనుక నిపుణుల పర్యవేక్షణ తప్పనిసరి. విదేశాలలో కంటే ధర ఎంతో తక్కువే అయినా, అది పదుల లక్షల రూపాయలలోనే ఉన్నది.

రాయపూర్‌లో 2012 నుండి ఎయిమ్స్, నవ రాయపూర్‌లో 2018 నుండి బాల్కో మెడికల్ సెంటర్ సేవలందిస్తున్నాయి. నెక్స్‌కార్19 తయారయ్యే నవీ ముంబయి ఇక్కడికి సుమారు 1100 కిలోమీటర్ల దూరం. అయితే అసలు అవరోధం దూరం కాదు, కాలం. కణాల సేకరణ మొదలు తిరిగి ఎక్కించే వరకు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో వ్యాధి ఆగదు. కనుక లింఫోమా గాని, బి-కణ లుకేమియా గాని తిరగబెట్టినదని తెలిసిన రోజే ఈ చికిత్స తమకు తగునా, కణాలను ఎక్కడ సేకరిస్తారు, ఖర్చులో సంస్థ వైద్య నిబంధనలు ఎంతవరకు భరిస్తాయి అన్న మూడు ప్రశ్నలు వైద్యునితోను, కార్యాలయంతోను చర్చించాలి.

మరొక ముఖ్య విషయం. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఈ మందు వర్తించదు. వాటికి సకాలంలో పరీక్ష, శస్త్రచికిత్స, రేడియేషన్, మందులే నేటికీ దిక్కు. కొత్త చికిత్స వచ్చిందన్న ఆశతో ఉన్న చికిత్సను వాయిదా వేయరాదని పాఠకులకు మా విజ్ఞప్తి.