సెల్స్ కొత్తవే... లెక్కే పాతది!

ఆన్‌లైన్‌లో ఉద్యోగ పరీక్ష. రెండు గంటల సమయం. అరగంట గడిచిందో లేదో, తెనాలిలో కరెంటు పోయింది. ‘ఫర్వాలేదు, బ్యాటరీ నిండుగా ఉందిగా’ అనుకుని రాస్తూనే ఉన్నాడు మా మేనల్లుడు. ఫోన్ నుంచి ఇంటర్‌నెట్ కూడా అందుకున్నాడు. యాభై నిమిషాలు గడిచాయి. తెర మూలన 41 శాతం అని కనిపిస్తుండగానే... టప్! ల్యాప్‌టాప్ ఆరిపోయింది. హెచ్చరిక లేదు, చప్పుడు లేదు. కరెంటు వచ్చేసరికి పరీక్ష ముగిసింది.

‘‘మామయ్యా, నలభై ఒక్క శాతం ఉంది. ఒట్టు! అమ్మేమో నేనే సరిగా చూసుకోలేదంటోంది’’ ఫోన్‌లో వాడి గొంతు వణికింది.

మా అక్క జాకెట్లు కుట్టి కూడబెట్టిన డబ్బుతో కొన్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ అది. అసలు బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఆ మోడల్‌కి కంపెనీ ఇప్పుడు బ్యాటరీలు చేయడం లేదు. ‘లోపల సెల్స్ మారిస్తే చాలు’ అని ఓ దుకాణదారుడు చెబితే సరేనంది. మార్చి నెల కూడా కాలేదు. మరి తప్పెవరిది? పిల్లాడిదా, సెల్స్‌దా, 41 శాతం అని చెప్పిన ఆ అంకెదా?

డబ్బాలో ఏముంది?

పాత ల్యాప్‌టాప్‌ల అడుగున క్లిప్పులు నొక్కితే ఊడివచ్చే పొడవాటి నల్ల డబ్బా గుర్తుందిగా? దాన్లో ఉండేవి టార్చిలైటు సెల్స్‌ని పోలిన లిథియం అయాన్ సెల్స్. పేరు 18650. అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. 1991లో సోనీ కంపెనీ తొలిసారి మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ కుటుంబానికి చెందినవే ఇవి. ఆ పరిజ్ఞానానికి బాటలు వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక్కో సెల్ సుమారు 3.6 వోల్టులు ఇస్తుంది. నిండుగా ఛార్జయితే 4.2. ఆరు సెల్స్ ఉన్న బ్యాటరీలో సాధారణంగా రెండేసి కలిపి మూడు జతలు చేస్తారు. ఆ మూడింటినీ వరసగా కలిపితే 10.8 వోల్టులు. ఇదంతా కండబలం. బుద్ధిబలం వేరే ఉంది... సెల్స్ పక్కన అతికించిన వేలెడంత సర్క్యూట్ బోర్డు.

గాదె... గుమాస్తా!

ఆ బోర్డు మీది చిప్‌ని గాదె దగ్గర కూర్చున్న గుమాస్తా అనుకోండి. గాదెలో ధాన్యం ఎంతుందో రోజూ లోపలికి తొంగిచూడడు. ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని పోయాయి అని పుస్తకంలో రాసుకుంటాడు. చిప్ చేసే పనీ అదే. లోపలికి వెళ్లిన కరెంటు, బయటికి వచ్చిన కరెంటు లెక్కగట్టి, మిగిలింది ఇంత శాతమని ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. ఇలా బ్యాటరీ తన లెక్క తానే చెప్పుకునే పద్ధతికి 1990ల మధ్యలో ఇంటెల్, డ్యూరాసెల్ కంపెనీలు ఒక ప్రమాణం తీసుకొచ్చాయి.

సెల్స్ పాతబడేకొద్దీ గాదె చిన్నదైపోతుందిగా! అదీ రాసుకుంటాడు గుమాస్తా. చిక్కంతా ఇక్కడే. సెల్స్ మార్చినంత మాత్రాన పుస్తకం మారదు. గాదె కొత్తదొచ్చినా ఆయన చేతిలో ఉండేది పాత పద్దే!

ముగ్గురూ మెట్లెక్కుతుంటే...

బ్యాటరీ సంచిలో వేసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. సీటీసీ అంటే తెలియని కంప్యూటర్‌వాళ్లుండరు. అక్కడో పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ముందు ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడవనిచ్చాడు. అది ఎప్పట్లాగే సగంలో ఆరిపోయింది. అప్పుడు డబ్బా విప్పి మూడు జతల దగ్గరా మల్టీమీటర్ పెట్టాడు. మొదటి జత 3.8. రెండోది 3.2. మూడోది 2.9.

‘‘రెండు సెల్సే మార్చిండ్రు సార్. మిగతా నాలుగు పాతవే’’ తేల్చేశాడాయన.

ముగ్గురు చేయీచేయీ పట్టుకుని తిరుమల మెట్లెక్కుతున్నారనుకోండి. అందులో ఒకరికి మోకాళ్ల నొప్పులు. వారు కూలబడితే, ఓపికున్న మిగతా ఇద్దరూ ఆగాల్సిందే. వరసలో కలిపిన సెల్స్ కథా అంతే. నీరసంగా ఉన్న జత వోల్టేజి ప్రమాదకరంగా పడిపోగానే రక్షణ సర్క్యూట్ మొత్తం బ్యాటరీని ఆపేస్తుంది. గుమాస్తా పుస్తకంలో ఇంకా 41 శాతం ఉందనే రాసుంటుంది పాపం! ఛార్జింగ్‌లోనూ ఇదే తంతు. పాత జతలు త్వరగా నిండిపోతాయి, కొత్తది నిండకముందే ఛార్జింగ్ ఆగిపోతుంది.

మరి మందు? ఆరింటికి ఆరూ మార్చాల్సిందే. అవీ ఒకే కంపెనీవి, ఒకే సామర్థ్యం ఉన్నవి అయి ఉండాలి. జతచేసే ముందు అన్నిటి వోల్టేజీ సమానంగా ఉండాలి. సోల్డరింగ్ ఐరన్‌తో నేరుగా సెల్ మీద టంకం వేస్తే ఆ వేడికి లోపలి పొరలు దెబ్బతింటాయి. అందుకే నికెల్ పట్టీలను స్పాట్ వెల్డింగ్‌తో అతికిస్తారు.

ఈసారి ఇంకో వింత

ఆరూ మార్పించి తెనాలి పంపాను. రెండు రోజులకు మళ్లీ ఫోన్. ‘‘మామయ్యా, ఈసారి గంటా ఇరవై నిమిషాలకి బ్యాటరీ అయిపోయిందని చెప్పి, తనంతట తానే నిద్రలోకి వెళ్లిపోతోంది.’’

గమనించారా? మొదటిసారి చెప్పకుండా ఆరిపోయింది. ఇప్పుడు చెప్పి మరీ పడుకుంటోంది. తేడా చిన్నదే కానీ రోగం వేరు. చెప్పకుండా ఆరిపోతే అనుమానం సెల్స్ మీద. చెప్పి పడుకుంటే అనుమానం లెక్క మీద.

విండోస్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ’ ఆదేశంతో బ్యాటరీ రిపోర్టు తీయమన్నాను. బ్యాటరీ తయారైనప్పటి సామర్థ్యం 56 వేల మిల్లీవాట్-అవర్లు. ‘నిండితే పట్టేది’ అన్నచోట 21 వేలే! చచ్చిపోయిన పాత సెల్స్ నాటి పద్దు అది. సెల్స్‌లో బోలెడంత ఉండగానే గుమాస్తా ‘గాదె ఖాళీ’ అంటున్నాడన్నమాట.

దీనికి మందు, ఆయనతో కొత్తగా లెక్కపెట్టించడమే. పూర్తిగా ఛార్జిచేసి రెండు గంటలు అలాగే ఉంచాలి. తర్వాత ప్లగ్ తీసేసి, బ్యాటరీ మీదే ఆగిపోయేదాకా నడపాలి. విండోస్‌లో ఉంటే పాత అంకె చూసి ముందే పడుకుంటుంది కాబట్టి, ఆన్ చేయగానే వచ్చే బయోస్ సెటప్ తెరలో వదిలేయడం మేలు. ఆగిపోయాక నాలుగైదు గంటలు విశ్రాంతినిచ్చి, మధ్యలో ఆపకుండా మళ్లీ నిండుగా ఛార్జి చేయాలి. అవసరమైతే ఇంకోసారి. ఇదంతా మనిషి దగ్గరుండి, పరుపులూ దుప్పట్లూ లేనిచోట చేయాల్సిన పని. మావాడు రెండుసార్లు చేశాడు. ఇప్పుడు మూడు గంటల పైచిలుకే వస్తోంది.

అసలే ఛార్జి కాకపోతే?

సెల్స్ మార్చాక 0 శాతం దగ్గరే నిలిచిపోయే బ్యాటరీలూ ఉంటాయి. సెల్స్ తీసినప్పుడు సరఫరా ఆగి చిప్ నిద్రపోయి ఉండొచ్చు. అలాంటిది కొన్నిసార్లు ఛార్జర్ తగిలించగానే లేస్తుంది. జతల మధ్య వోల్టేజి చూసే సన్నటి తీగ ఊడినా ఇంతే. కొన్ని చిప్‌లు మాత్రం ‘ఈ బ్యాటరీ ఇక పనికిరాదు’ అని శాశ్వతంగా రాసేసుకుంటాయి. కొన్ని బోర్డుల మీది ప్రత్యేక ఫ్యూజునూ తామే కాల్చేసుకుంటాయి. ఆ దశకు వస్తే వదిలేయడమే మంచిది. ఫ్యూజుకు తీగ చుట్టి, రక్షణ సర్క్యూట్‌ని తప్పించి నడిపిస్తామనేవారి జోలికి పోవద్దు. గుమాస్తాతోపాటు కాపలావాణ్నీ పంపేసి తలుపులు తెరిచిపెట్టడమే అది!

భయపెట్టడానికి చెప్పడం లేదు. సోనీ సెల్స్ వేడెక్కి అంటుకునే ప్రమాదముందని 2006 ఆగస్టులో డెల్ కంపెనీ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. అంత పెద్ద ఫ్యాక్టరీలోనే పొరపాటు జరిగితే, రోడ్డు పక్క బల్ల మీద జరగదా?

దుకాణంలో ఇవి అడగండి

* అన్ని సెల్సూ మారుస్తారా, కొన్నేనా? కొన్నే అంటే వద్దనండి.

* సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని ఉంటే అది అబద్ధం. ఈ సైజులో పేరున్న మంచి సెల్స్ సామర్థ్యం ఎక్కువగా 2,000 నుంచి 3,500 మధ్యే ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే 45 గ్రాముల దరిదాపు బరువుండాలి.

* ఐఎస్ 16046 ప్రమాణం ముద్ర ఉందా? మనదేశంలో అమ్మే లిథియం సెల్స్‌కి అది తప్పనిసరి.

* పాత సెల్స్ చెత్తబుట్టలో వేయొద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరణ కేంద్రాలకే ఇవ్వాలి.

* సన్నటి కొత్త ల్యాప్‌టాప్‌ల లోపల ఉండే మెత్తటి పలకలాంటి బ్యాటరీ ఉబ్బితే సెల్స్ మార్పించే ఆలోచనే వద్దు. వాడటం ఆపి, మొత్తం బ్యాటరీనే మార్పించండి.

మొన్న తెనాలి వెళ్లాను. పోయిన పరీక్ష తిరిగి రాలేదు కానీ, వాడు ఇంకో రెండింటికి దరఖాస్తు చేశాడు. మిషన్ దగ్గర కూర్చున్న అక్క తలెత్తకుండానే అంది ‘‘వాణ్ని ఊరికే తిట్టాన్రా తమ్ముడూ... అంకె చూపిస్తుంటే నిజమే అనుకోమా మరి?’’

అనుకుంటాం. అందరం అలాగే అనుకుంటాం. అందుకే గాదె కొత్తది కొన్నప్పుడల్లా, గుమాస్తా పుస్తకం కూడా ఓసారి తిప్పిచూడాలి!