దూడ పోయిన ఇంట్లో సూది

ఆడపిల్లలు చిన్న వయసులోనే పెద్దమనుషులవుతున్నారు, గేదెలకు వేసే ఇంజక్షన్లే కారణమా డాక్టరు గారూ అని తల్లులు తరచూ అడుగుతుంటారు. కృష్ణా జిల్లా పల్లెల్లో పశువుల డాక్టరుగా పనిచేసినవాణ్ణి. ఆ సూది వల్ల ఎవరికి నష్టమో దగ్గర్నుంచి చూశాను.

ఆ మందు పేరు ఆక్సిటోసిన్. దూడ మూతితో పొదుగు కుమ్మగానే గేదె మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి సహజంగా విడుదలయ్యే హార్మోనే ఇది. పాలు ఊరే సన్నని తిత్తుల్ని అది పిండుతుంది. ముడుచుకుని ఉన్న చన్నులు ఉబ్బి చేతికి బిగువుగా తగులుతాయి. గేదె చేపిందంటాం. ఆవుకు చన్నుల పైభాగంలో కాసిని పాలు నిలవుంటాయి. గేదెకు దాదాపు అన్నీ ఆ తిత్తుల్లోనే ఉంటాయి. అందుకే చేపకుండా ఎంత పిండినా ఫలితం ఉండదు.

సూది మొదలయ్యేది చాలావరకు దూడ చచ్చిపోయిన ఇంట్లోనే. దున్నదూడ పుడితే ఆలనాపాలనా తక్కువ. జున్నుపాలు కడుపునిండా తాగనివ్వరు, ఏలికపాముల మందు పట్టరు. అది పోయిన మర్నాడు గేదె చేపదు, దగ్గరికెళ్తే తంతుంది. అప్పుడు లేబుల్ లేని సీసా ఒకటి చూరులోంచి దిగుతుంది. పూటకో పోటు! సూది దిగినచోటల్లా గడ్డలు కట్టిన గేదెల్ని చూసి బాధపడ్డాను. అలవాటుపడ్డాక పొదుగు కడిగినా, ముందు దాణా పెట్టినా చేపదు.

ఇక పాల సంగతి. ఆక్సిటోసిన్ 9 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. నెత్తురులో నిమిషాల్లోనే కరిగిపోతుంది. పాలలో కాస్త ఉన్నా మన పేగుల్లో అరిగిపోతుంది. సూది వేసినందువల్ల పాలలో దీని మోతాదు మారలేదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరీక్షించి తేల్చింది. ఇది ఆడపిల్లల్ని పెద్దమనుషుల్ని చేసే హార్మోను కాదు. ఆ వయసు ముందుకు జరగడానికి అధిక బరువు ఒక కారణం. తల్లులు దాని మీద దృష్టి పెట్టాలి.

కాన్పు తర్వాత రక్తస్రావాన్ని అరికట్టి తల్లుల ప్రాణాలు నిలిపేదీ ఈ మందే. 2018లో ప్రైవేటు కంపెనీలు దీన్ని తయారు చేయకూడదని కేంద్రం ఉత్తర్వు ఇస్తే, ఆ డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. సరైన తీర్పే అంటాను. పాల కోసం పశువు ఆరోగ్యం చెడేలా సూది వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం ఎలాగూ నేరమే. దాన్ని అమలు చేస్తే చాలు.

రైతు సోదరులకు నా విన్నపం: పుట్టిన గంటలోపే దూడకు జున్నుపాలు పట్టండి, పది రోజులకల్లా ఏలికపాముల మందు తాగించండి. ఒకవేళ దూడ పోతే, రోజూ అదే మనిషి, అదే వేళకు, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, దాణా ముందుపెట్టి ఓపిగ్గా నిమరండి. చాలా గేదెలు దారికొస్తాయి. ఇంటి దగ్గర పాలు పోయించుకునేవాళ్లు ఒక్కసారి ఆ పాకకు వెళ్లి, దూడ ఏదని అడగండి.