మూలాలకు మరలుట: పునరుజ్జీవన మానవతావాదం, నేటి పరిచర్య

మానవతావాదం అనగానే దేవుణ్ణి తొలగించి మనిషిని కేంద్రంగా నిలిపే సిద్ధాంతమే మనలో అనేకులకు స్ఫురిస్తుంది. ఎం.ఎన్. రాయ్ 1947లో ప్రకటించిన నవ్య మానవవాదానికి తెలుగునాట అనుయాయులు ఉన్నారు గనుక ఈ అభిప్రాయం సహజమే. అయితే 14 నుండి 16వ శతాబ్దం వరకు ఐరోపాలో వర్ధిల్లిన పునరుజ్జీవన మానవతావాదం వేరు. అది ప్రధానంగా ఒక విద్యా విధానం. వ్యాకరణం, అలంకారశాస్త్రం, చరిత్ర, కావ్యం, నీతిశాస్త్రం దాని పాఠ్యాంశాలు. మూలాలకు మరలుట దాని ముఖ్య సూత్రం.

కాన్‌స్టంటైన్ చక్రవర్తి పశ్చిమ సామ్రాజ్యంపై అధికారాన్ని పోపుకు ధారాదత్తం చేశాడని చెప్పే దానపత్రం ఒకటి ఉండేది. 1440లో లోరెంజో వల్లా దాని లాటిను భాషను పరిశీలించి, అది 4వ శతాబ్దపు భాష కాదనీ, పత్రం కల్పితమనీ నిరూపించాడు. అప్పుడు అతడు పోపుతో విరోధం గల ఆల్ఫోన్సో రాజు కొలువులో ఉన్నమాట నిజమే. కాని ఋజువు బలం రాజు అభిమతంపై ఆధారపడలేదు. తరువాత పోపు ఐదవ నికోలస్ వల్లాను తన కొలువులోనికి తీసుకున్నాడు.

క్రొత్త నిబంధనపై వల్లా రాసిన వ్యాఖ్యల ప్రతి 1504లో ఎరాస్మస్‌కు దొరికింది. ఆ బాటలోనే ఎరాస్మస్ 1516లో గ్రీకు క్రొత్త నిబంధనను బాసెల్‌లో ముద్రింపించాడు. మత్తయి 4:17లోని లాటిను మాటను ప్రాయశ్చిత్తం చేయమనే ఆజ్ఞగా గ్రహించేవారు. గ్రీకు మూలపదం "మెటానోయియా" మనస్సు మార్పును సూచిస్తుంది. మన తెలుగు బైబిలులోని "మారుమనస్సు" ఈ భావాన్నే చక్కగా పట్టుకుంది. అయితే ఎరాస్మస్ కూడా తప్పు చేశాడు. ప్రకటన గ్రంథపు చివరి వచనాలు తన గ్రీకు ప్రతిలో లేకపోగా, వాటిని లాటిను నుండి తానే గ్రీకులోనికి మార్చుకున్నాడు. తరువాతి పండితులు అదే సూత్రంతో అతణ్ణి సరిదిద్దారు.

ఇతర రంగాలలోనూ ఇదే జరిగింది. తత్త్వశాస్త్రంలో ఫిచీనో ప్లేటో గ్రంథాలన్నిటినీ లాటినులోనికి తెచ్చాడు. అవి 1484లో అచ్చయ్యాయి. చిత్రకళలో లియోనార్డో శవాలను కోసి చూసి శరీర నిర్మాణాన్ని గీశాడు. 1543లో వెసేలియస్, గేలెన్ చెప్పినట్లు మనిషి క్రింది దవడ రెండు ఎముకలు కాదు, ఒకటేనని చూపాడు. గేలెన్ ఎక్కువగా జంతువులను పరీక్షించాడు. వెసేలియస్‌కు మానవ శరీరమే మూలగ్రంథమైంది.

నేడు దీనిని పునరుద్ధరించడం అంటే ఏమిటి? యెహోషువ కాలంలో తప్పిపోయిన దినాన్ని నాసా కంప్యూటర్లు కనుగొన్నాయనే కథ దశాబ్దాలుగా ప్రసంగాలలో వినిపిస్తోంది. దానికి ఆధారం లేదు. అది విశ్వాసానికి అనుకూలమైనదే. ఆ దానపత్రం కూడా సంఘానికి అనుకూలమైనదే. సైన్సు చదివే యువకుడు ఆ కథ అబద్ధమని తెలుసుకున్న రోజున, అదే ప్రసంగంలో విన్న సువార్తను కూడా సందేహించవచ్చు.

కాబట్టి గ్రీకు, హెబ్రీ భాషలను పరీక్షలతో విడిచిపెట్టక అభ్యసిద్దాం. శాస్త్రవేత్తనో తత్త్వవేత్తనో ఖండించే ముందు అతని గ్రంథాన్నే చదువుదాం. ఫోనులో వచ్చిన ఉదాహరణను ప్రసంగవేదికపైకి తీసుకువెళ్ళే ముందు దాని మూలాన్ని వెదకుదాం. మూలం దొరకకపోతే ఆ ఉదాహరణను విడిచిపెడదాం. సత్యానికి సాక్షులమైన మనకు అనుకూలమైన అబద్ధంతో పనిలేదు.