సిపాయి పక్కన రైతు నిలబడాలంటే

మెదక్ దగ్గర ఏడుపాయల జాతర మీలో చాలామంది చూసే ఉంటారు. మంజీర ఏడు పాయలుగా చీలి ప్రవహించే ఆ చోట శివరాత్రికి వనదుర్గ గుడి చుట్టూ మూడు రోజులు జనసముద్రమే. అక్కడి బొమ్మల దుకాణం ముందు ఒక్క నిమిషం ఆగి చూడండి. తుపాకి పట్టిన ప్లాస్టిక్ సిపాయిలు ఒక సంచిలో డజనుకు పైగా ఉంటారు. వారి పక్కనే రబ్బరు ఆవు, చెక్క బండి, కుండ ఎత్తుకున్న మట్టి బొమ్మ. సిపాయిని తీసి ఆవు పక్కన పెట్టండి. ఆవు మోకాలికి కూడా రాడు! అదే సిపాయిని చెక్క బండి ఎక్కిస్తే చక్రం అతని తల దాటిపోతుంది. విడివిడిగా చూస్తే అన్నీ ముచ్చటైన బొమ్మలే. ఒక చోట చేర్చగానే ఒకదానికొకటి పొసగవు.

ఇది పిల్లల ఆటలో వచ్చే చిక్కు మాత్రమే కాదు. పెద్ద బల్ల మీద కొండలు, వాగులు, ఇళ్లు పేర్చి, బుల్లి సైన్యాలను నడిపి పాత యుద్ధాలను తిరిగి ఆడి చూసేవారు ప్రపంచమంతటా ఉన్నారు. మన చదరంగం కూడా ఒకప్పటి చతురంగ బలాల ఆటే కదా. 1824లో ప్రష్యా దేశంలో రైస్విట్జ్ అనే సైనికాధికారి పటం మీద చిన్న దిమ్మలు జరిపి ఆడే యుద్ధక్రీడను తమ సేనాధిపతులకు చూపించాడు. సైన్సు కథలు రాసిన హెచ్.జి. వెల్స్ 1913లో సీసపు సిపాయిలతో ఆడే ఆటకు నియమాలు రాసి పుస్తకం వేశాడు. అంతకు రెండేళ్ల ముందు, 1911లో, నేల మీద ఆడే ఆటల గురించి రాసిన పుస్తకంలో ఆయన ఒక ఫిర్యాదు చేశాడు. అంగడికి వెళితే సిపాయిలే దొరుకుతారు తప్ప మామూలు మనుషుల బొమ్మలు దొరకడం గగనమని! వందేళ్లు దాటినా ఆ ఫిర్యాదు పూర్తిగా తీరలేదు. రోమన్ సైనికుడు, నెపోలియన్ సైనికుడు ఏ కొలతలో కావాలన్నా దొరుకుతారు. దక్కను రైతు, కుమ్మరి, గొల్ల, నీళ్లు మోసే ఆడమనిషి దొరకరు.

‘యుద్ధం ఆటలో రైతుతో ఏం పని?’ అంటారేమో. 1687 సంగతి తీసుకోండి. ఔరంగజేబు సైన్యం గోల్కొండ కోటను దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించింది. అంత పెద్ద దండు రోజూ తినాలి. వారి గుర్రాలు, ఏనుగులు కూడా తినాలి. ఆ ధాన్యాన్ని మొఘల్ సైన్యాలకు చేర్చినవారిలో ముఖ్యులు బంజారాలు. ఎద్దుల వీపుల మీద రెండు వైపులా గోతాలు వేసి, ఆలుబిడ్డలతో సహా నెలల తరబడి నడిచేవారు. ఆ కాలంలో మన దేశమంతా తిరిగిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు ఉండేవని రాశాడు. 1687 వానాకాలంలో వాగులు, నదులు పొంగి దారులు మూసుకుపోతే దండులో కరువు వచ్చింది. ధర పెట్టినా గింజ దొరకలేదు. మంజీర నిండుగా పారే రోజున ఏడుపాయల దగ్గర గట్టు మీద నిలబడితే, ఎద్దుల బిడారు అలాంటి ఏటిని ఎందుకు దాటలేదో ఎవరూ చెప్పనక్కరలేదు. కాబట్టి గోల్కొండ ముట్టడిని బల్ల మీద పెట్టి, ఫిరంగులు మాత్రమే పేర్చి, ఆ గోతాల ఎద్దులను, వాటిని తోలే మనుషులను వదిలేస్తే అది సగం అబద్ధపు నమూనా అవుతుంది. ఎవరు గెలుస్తారో నిర్ణయించే విషయాల్లో ఒకటి ఆ బల్ల మీద లేనే లేదు.

సరే, మనుషులు కావాలి. ఎలాంటి కొలతలో కావాలి?

బొమ్మల డబ్బా మీద 1/72 అని ఉంటుంది. అసలు మనిషిని 72 వంతులు చేస్తే అందులో ఒక వంతు ఎత్తు ఈ బొమ్మది అన్నమాట. 72 అనే అంకె ఎక్కడిదని ఆశ్చర్యపోకండి. ఆరడుగులంటే 72 అంగుళాలు. ఆరడుగుల మనిషిని ఒక్క అంగుళానికి దించితే అదే 1/72. ఇంకో కొలత 1/76. ఇది బొమ్మ రైళ్ల నుంచి వచ్చింది. అడుగుకు 4 మిల్లీమీటర్లు చొప్పున తగ్గిస్తే 304.8ని 4తో భాగించాలి, 76.2 వస్తుంది. దీనిని ఓఓ అంటారు. 1/87 మరో రైలు కొలత, దాని పేరు హెచ్ఓ. ఎయిర్‌ఫిక్స్ అనే బ్రిటిష్ కంపెనీ 1959 నుంచి బుల్లి సిపాయిలను డబ్బాల్లో అమ్మింది. మొదట్లో ఆ డబ్బాల మీద హెచ్ఓ, ఓఓ రెండూ కలిపి ముద్రించేవారు. ఒకే సిపాయి ఒకేసారి 1/76, 1/87 ఎలా అవుతాడో నాకైతే అర్థం కాదు! తరవాతి కాలంలో అవే బొమ్మలు 1/72 పేరుతో వచ్చాయి.

165 సెంటీమీటర్ల మనిషి ఈ కొలతల్లో ఎంత ఉంటాడో లెక్క వేయండి. 1/72లో 22.9 మి.మీ., 1/76లో 21.7, 1/87లో 19. మొదటి రెండింటికీ తేడా ఒక మిల్లీమీటరు పైన. పరవాలేదు. మొదటికీ మూడోదానికీ తేడా దాదాపు నాలుగు మిల్లీమీటర్లు. అది కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కొందరు తయారీదారులు నిష్పత్తి చెప్పకుండా ‘28 మి.మీ. బొమ్మ’ అంటారు. ఇది మరీ తిరకాసు. 28 మి.మీ. ఎక్కడి నుంచి ఎక్కడికి? కొందరు అరికాలి నుంచి నడినెత్తి దాకా కొలుస్తారు. అప్పుడు మన 165 సెం.మీ. మనిషికి నిష్పత్తి 1/59. టోపీలు, తలపాగాలు అడ్డం వస్తాయని చాలామంది కంటి దాకానే కొలుస్తారు. కన్ను నడినెత్తికి సుమారు 11 సెం.మీ. కింద ఉంటుంది. మిగిలిన 154 సెం.మీ.లను 28 మి.మీ.లకు దించితే 1/55 వస్తుంది. ఒకే అంకె, రెండు నిష్పత్తులు. అందుకే డబ్బా మీది అంకె నమ్మవద్దు, స్కేలు నమ్మండి.

అయితే స్కేలుతో ఏం కొలవాలి? చాలామంది మనిషి ఎత్తునే కొలుస్తారు. ఇక్కడే మోసం ఉంది. మనుషులంతా ఒకే ఎత్తు ఉండరు కదా! 1/76లో చేసిన 175 సెం.మీ. పొడగరి సరిగ్గా 23 మి.మీ. ఉంటాడు. 1/72లో చేసిన 165 సెం.మీ. మనిషీ దాదాపు అంతే. మీ తరగతిలో అందరినీ గోడ పక్కన నిలబెట్టి చూడండి, పొట్టివారికీ పొడుగువారికీ తేడా ఎంతో తెలుస్తుంది. కాబట్టి ఎత్తు కొంచెం తేడా ఉన్నంతమాత్రాన బొమ్మను పారేయనక్కరలేదు, ఎత్తు సమానమైనంతమాత్రాన కలిసిందనీ అనుకోరాదు. తలను కొలవండి. చేతిలోని వస్తువును కొలవండి. మనుషుల ఎత్తులు మారినంతగా వారి తలల పరిమాణం మారదు. ఒకే ఊరి బండ్ల చక్రాలు కూడా ఇంచుమించు ఒకే కొలతలో ఉంటాయి. మీ ఊళ్లో పాత కట్టెబండి మిగిలి ఉంటే చక్రాన్ని టేపుతో కొలవండి. 150 సెం.మీ. వచ్చిందనుకోండి, 1/72 బల్ల మీద ఆ చక్రం 20.8 మి.మీ. ఉండాలి. అంటే మన మనిషి గడ్డం దాటి మూతి దాకా వస్తుంది. అంగట్లో దొరికిన బండి చక్రం 28 మి.మీ. ఉందా? ఆ బండి మరో లోకానిది, తోసివేయండి.

తల విషయం ఇంకా తమాషాగా ఉంటుంది. ఎదిగిన మనిషి ఎత్తు తన తలకు సుమారు ఏడున్నర రెట్లు. 165 సెం.మీ. మనిషి తల 22 సెం.మీ., 1/72లో మూడు మిల్లీమీటర్లు. కానీ ఆటకోసం చేసే చాలా బొమ్మలకు తల, చేతులు, ఆయుధాలు లావుగా ఉంటాయి. 28 మి.మీ. మనిషికి 5 మి.మీ. తల పెడితే అతను ఐదున్నర తలల మనిషి! శిల్పికి కొలతలు రాక అలా చేశాడనుకోకండి, కారణం మన కంటిలో ఉంది. మంచి చూపు ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని విడదీసి చూడగలదు. బల్ల ముందు 60 సెం.మీ. దూరంలో కూర్చుంటే అది 0.17 మి.మీ. అవుతుంది. తెరిచిన కన్ను నిలువు సుమారు ఒక సెంటీమీటరు. 1/72లో అది 0.14 మి.మీ. మాత్రమే. అంటే నిజాయితీగా చెక్కిన కన్ను మీకు కనిపించనే కనిపించదు! అందుకని శిల్పి ముఖాన్ని పెంచుతాడు. బల్లెం కర్ర సంగతీ అంతే. మూడు సెంటీమీటర్ల కర్ర 0.4 మి.మీ. పుల్ల అయి చేయి తగలగానే విరుగుతుంది. గట్టిగా ఉండాలని దానిని లావు చేస్తారు. ఒక కంపెనీ సన్నగా, మరొకటి లావుగా చేస్తుంది గనుక ఒకే అంకె ఉన్న రెండు డబ్బాల మనుషులు పక్కపక్కన నిలబడితే ఒకరు రోగిష్టిలా, ఒకరు వస్తాదులా కనిపిస్తారు.

ఘనపరిమాణం మాట మరచిపోకండి. 1/60 బొమ్మ 1/72 బొమ్మ కంటే 1.2 రెట్లు పొడుగు. ‘అయిదో వంతే కదా’ అనిపిస్తుంది. కానీ వెడల్పు, మందం కూడా అంతే పెరుగుతాయి. 1.2ను మూడుసార్లు గుణిస్తే 1.73. అంటే మనిషి దాదాపు ముప్పావు వంతు అదనంగా బరువెక్కాడు. కన్ను పసిగట్టేది ఎక్కువగా ఈ లావునే.

చిన్న కొలత బొమ్మలు మిగిలితే పిల్లలుగా వాడేద్దామని కొందరు చూస్తారు. అది కుదరదు. పిల్లవాడు చిన్నదైపోయిన పెద్దవాడు కాడు. ఏడాది పిల్లవాడు దాదాపు నాలుగు తలల ఎత్తే ఉంటాడు. ఏడున్నర తలల బుల్లి మనిషిని తల్లి పక్కన పెడితే మరుగుజ్జులా ఉంటాడు తప్ప బిడ్డలా ఉండడు. కానీ ఆ బొమ్మలకు మరో ఉపయోగం ఉంది, వాటిని బల్ల చివరకు పంపండి! వస్తువు కంటికి ఎంత కనిపిస్తుందన్నది దాని ఎత్తును దూరంతో భాగిస్తే వస్తుంది. మీ కంటికి 60 సెం.మీ. దూరంలో 1/60 బొమ్మలు పెట్టి, వాటి వెనుక 72 సెం.మీ. దూరంలో 1/72 బొమ్మలు నిలపండి. ఆ వెనుకవి 86 సెం.మీ. దూరంలో ఉన్న 1/60 బొమ్మలంత చిన్నగా కనిపిస్తాయి. పన్నెండు సెంటీమీటర్ల జాగాలో ఇరవై ఆరు సెంటీమీటర్ల లోతు వచ్చింది. నాటకాల తెరల మీద, సినిమా సెట్లలో చేసేది ఇదే. ఒక కన్ను మూసి చూస్తే ఇంకా బాగా నమ్ముతారు.

‘మనకు కొండపల్లి బొమ్మలు, నిర్మల్ బొమ్మలు ఉన్నాయి కదా, వాటిలో పల్లెజనం బోలెడు’ అని మీకు తోచి ఉంటుంది. నిజమే. తేలికైన పొణికి కర్రతో చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించే కొండపల్లి బొమ్మల్లో కల్లుగీత కార్మికుడు, ఎడ్లబండి, పల్లె ఆడవారు అందరూ ఉన్నారు. వెల్స్ మన దగ్గర పుట్టి ఉంటే ఆ ఫిర్యాదు రాసేవాడు కాదేమో! అయితే వాటిని నిష్పత్తికి చేయరు. అసలు తాటిచెట్టు మనిషికి పదింతలు ఉంటుంది, బొమ్మలో మనిషికి రెండు మూడింతలే. మనిషే అక్కడ ముఖ్యం గనుక చెట్టు తగ్గింది. పాత గుడుల శిల్పాల్లో రాజు పెద్దగా, వింజామర వీచేవారు చిన్నగా ఉండటమూ ఇలాంటిదే. ఇవి తప్పులు కావు, వేరే లెక్క. బల్ల మొత్తం కొండపల్లి బొమ్మలతోనే నింపితే అందంగా ఉంటుంది. 1/72 సిపాయిని వాటి మధ్య పెడితేనే చెడుతుంది.

నేను విద్యార్థులకు చెప్పే మరో దారి క్రిస్మస్ అంగడి. 1924లో ప్రారంభమైన పెద్ద చర్చి ఉన్న మెదక్‌లో దీని గురించి వేరే చెప్పాలా? పశుపాక బొమ్మల్లో గొర్రెల కాపరులు ఉంటారు, గొర్రెలు, ఎడ్లు ఉంటాయి. తలకు గుడ్డ, ఒంటికి దుప్పటి, చేతిలో కర్ర. కొలత కుదిరిన సెట్టు దొరికితే, అంగీ అంచును చాకుతో చెక్కి పంచె చేసి, జిగురులో తడిపిన పల్చని కాగితాన్ని తలకు చుట్టితే దక్కను గొల్ల తయారవుతాడు. విదేశీ రైలు బొమ్మల సెట్లలోని ఆవులు మాత్రం జాగ్రత్త. అవి ఐరోపా జాతివి, వాటికి మూపురం ఉండదు. చిటికెడు మైనపు ముద్దతో మూపురం పెట్టండి, మెడ కింద గంగడోలు వేలాడదీయండి. లేకపోతే బంజారా ఎద్దు లండన్ ఎద్దులా కనిపిస్తుంది.

కొలత కలిశాక కాలం కలిసిందా అని చూడాలి. 1687 నాటి బల్ల మీద అల్యూమినియం గిన్నె ఉండరాదు, ఆ లోహాన్ని మొదటిసారి వేరు చేసింది 1825లో. కుండలు మట్టివో ఇత్తడివో కావాలి. కిరోసిన్ లాంతరు వద్దు. ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే సర్కారు తుమ్మను కూడా నాటవద్దు, అది మన దేశానికి 19వ శతాబ్దంలో వచ్చిన మొక్క. లాంటానా పొద కూడా అంతే.

ఒక చిన్న పని మిగిలింది. సిపాయి కింద మూడు మిల్లీమీటర్ల పీఠం, రైతు కింద ఒక మిల్లీమీటరు పీఠం ఉంటే ఎంత కుదిరిన జత అయినా కుదరనట్టే కనిపిస్తుంది. 1/72లో ఆ రెండు మిల్లీమీటర్లు 14 సెంటీమీటర్లు, సిపాయి మెట్టు ఎక్కి నిలబడ్డట్టే. రైతు పీఠం కింద పాత పోస్టుకార్డు ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి ఎత్తు సమం చేయండి. ఆ పైన జిగురు పూసి మంజీర ఇసుకను జల్లెడ పట్టి చల్లండి. జల్లెడ చాలా సన్నగా ఉండాలి. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు 1/72లో ఏడు సెంటీమీటర్ల రాయి అవుతుంది మరి.