హైదరాబాదులో చవక తిండి: ధర చెప్పని లెక్క

ఊరి నుంచి హైదరాబాదు దిగిన విద్యార్థి, అడ్డా మీద నిలబడే కూలీ మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: తక్కువ పైసలకు కడుపు నిండేది ఎక్కడ? చూడటానికి ఇది పైసల ప్రశ్నే. కాని నగరంలో ఏ చవక తిండి బాహాటంగా దొరుకుతుంది, దేన్ని చాటుగా తినాల్సి వస్తుంది, ప్రభుత్వ సొమ్ముతో ఏది వండి పెడుతున్నారు అని ఒక్కొక్కటే అడుగుతూ పోతే ధర వెనుక కులం కనబడుతుంది. ఆ లెక్కను విప్పి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు నగరం ఇచ్చినదాన్ని ఒప్పుకోవాలె. మనలో చాలామందిమి రెండు గ్లాసుల పద్ధతిని కండ్లారా చూసిన ఊర్ల నుంచి వచ్చినవాళ్లం. అక్కడ అందరి పైసలూ ఒకటే, గ్లాసు మాత్రం వేరు. తాగినంక మన గ్లాసు మనమే కడిగి పెట్టాలె. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15(2) అధికరణం హోటళ్లలోకి అందరికీ సమాన ప్రవేశం ఇచ్చింది. 1955 నాటి చట్టం దాన్ని అడ్డుకోవడాన్ని నేరం చేసింది. ఆ కాగితం మీది హక్కు మనలో చాలామందికి మొదటిసారి అనుభవంలోకి వచ్చింది ఇరానీ హోటల్లోనే. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చినవాళ్లు పెట్టిన ఆ హోటళ్లలో మడి, మైల లెక్క లేదు. అందరికీ అదే కప్పు, అదే సాసరు. నీకు ముందు ఆ కప్పులో తాగినవాడు ఎవడని ఎవరూ అడగరు. ‘వన్ బై టూ’ చెప్పి ఇద్దరు ఒక చాయ్ పంచుకొని కూర్చోవచ్చు. ఇది చిన్న విషయం కాదు.

అయితే మనిషికి ప్రవేశం దొరకడం వేరు, ఆ మనిషి తిండికి చోటు దొరకడం వేరు. బస్సు దిగి నాలుగు వీధులు తిరిగితే ‘శుద్ధ శాకాహారం’ అనే బోర్డులు, అక్కడక్కడ ‘బ్రాహ్మణ భోజనం’ అనే బోర్డులు కనిపిస్తాయి. లోపలికి ఎవరైనా పోవచ్చు, నిజమే. కాని ఒకదాన్ని శుద్ధం అన్నప్పుడు మిగిలినదాన్ని ఏమన్నట్టు? ఈ ప్రశ్న మనం కొత్తగా అడుగుతున్నది కాదు. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కేఫ్ బోర్డు మీది ‘బ్రాహ్మణ’ అనే మాటను తీసేయాలని పెరియార్ ఉద్యమం నడిపారు. వందలమంది అరెస్టయ్యారు. చివరికి ఆ మాట పోయింది. హోటల్ బోర్డు వ్యాపారం మాత్రమే కాదని, అది సమాజానికి చెప్పే పాఠం కూడా అని ఆ పోరాటం చూపించింది.

ఇక పెద్దకూర సంగతి. నగరంలో దాని ధర మటన్ ధరలో సగం కూడా ఉండదు. 100 గ్రాముల పచ్చి మాంసంలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కష్టం చేసే ఒంటికి ఇంత చవకగా బలమిచ్చేవి తక్కువ. చట్టం సంగతి కూడా తెలుసుకోవాలె. 1977 నాటి రాష్ట్ర చట్టం ఆవును, దూడను కోయడాన్ని నిషేధించింది. కోతకు తగినవని అధికారి ధ్రువీకరించిన ఎద్దులను, బర్రెలను కోయడానికి అనుమతి ఉంది. అంటే బర్రె కూర అమ్మడం, తినడం దొంగతనం కాదు. పాతబస్తీలో దాన్ని ‘బడే కా గోష్’ అని పేరు పెట్టే అమ్ముతారు. కల్యాణి నవాబుల పేరు మీద వచ్చిందని చెప్పే కల్యాణి బిర్యానీని పేదల బిర్యానీ అని పిలుచుకుంటారు. అక్కడ చాటు లేదు.

చాటు మొదలయ్యేది అద్దె గది దగ్గర. ‘మీరు నాన్‌వెజ్ తింటారా?’ అని ఇంటాయన అడిగితే అది తిండి ప్రశ్న కాదు, కులం ప్రశ్న. నేరుగా అడగలేక తిప్పి అడుగుతున్నాడంతే. కాబట్టి కూర నల్ల కవర్లో వస్తుంది. కిటికీలు మూసి వండుతారు, లేకపోతే వండటమే మానేస్తారు. తినాలంటే బస్సు కిరాయి పెట్టుకొని పాతబస్తీకి పోవాలె. చవక తిండి మీద కులం వేసిన పన్ను ఇది.

ఈ చాటును బద్దలు కొట్టాలనే 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపారు. వ్యతిరేకులు దాడికి దిగారు. రాళ్లు పడ్డాయి, ఒక విద్యార్థి కత్తిపోటుకు గురయ్యాడు. 2015 డిసెంబరులో మళ్లీ తలపెడితే కోర్టు ఉత్తర్వులు, పోలీసు బందోబస్తు అడ్డుపడ్డాయి. ‘అంబేద్కరే వదలమన్నాడు కదా’ అని మనవాళ్లే కొందరు అంటారు. 1927లో మహద్‌లో ఆయన వదలమన్నది చచ్చిన గొడ్డు మాంసాన్ని. అది మన మీద రుద్దిన చాకిరీతో ముడిపడిన తిండి. సంతలో మన పైసలతో కొనుక్కునే కూర వేరు. ఈ రెండింటినీ కలపకూడదు.

చివరగా ఐదు రూపాయల భోజనం. 2014లో నగరపాలక సంస్థ దీన్ని మొదలుపెట్టింది. వంట బాధ్యత హరేకృష్ణ మూవ్‌మెంట్‌ది. 2025లో ఆ క్యాంటీన్లకు ఇందిరమ్మ పేరు పెట్టి, ఐదు రూపాయల టిఫిన్‌ను కూడా చేర్చారు. సుమారు 400 గ్రాముల అన్నం, కూర, సాంబారు, పచ్చడి. అడ్డా కూలీలకు, ఆసుపత్రుల ముందు పడిగాపులు పడే రోగుల బంధువులకు, కోచింగు పిల్లలకు ఇది నిజమైన ఆసరా. దీన్ని వెక్కిరించేవాళ్లు ఆకలి తెలియనివాళ్లు. కాని అడగాల్సింది అడగాలె. 400 గ్రాముల అన్నంలో మాంసకృత్తులు పది గ్రాములకు అటూ ఇటూ. పళ్లెంలో గుడ్డు లేదు, మాంసం లేదు. తినేవాళ్లలో అత్యధికులు గుడ్డూ మాంసమూ తినే కులాలవాళ్లు. సొమ్ము ప్రజలది, వంటింటి నియమం మాత్రం మఠానిది.

వేరే దారి లేదా? ఉంది. 2013లో చెన్నైలో మొదలైన అమ్మ ఉణవగంలో వండేది స్వయం సహాయక సంఘాల మహిళలు. బడి భోజనం కేసులో సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఎవరు వండారు అనేది ఎంత ముఖ్యమో కోర్టుకు అర్థమైంది. ఆ సూత్రం ఐదు రూపాయల క్యాంటీన్‌కు ఎందుకు వర్తించకూడదు? బస్తీ మహిళా సంఘాలకు వంట అప్పగించాలె. కోరుకున్నవాళ్లకు గుడ్డు పెట్టాలె. వద్దన్నవాళ్లకు వద్దు.

ఇవి పెద్ద కోరికలేమీ కావు. విద్యార్థి సంఘాలు, బస్తీ సంఘాలు కలిసి వార్డు ఆఫీసు నుంచే అడగడం మొదలుపెట్టవచ్చు. క్యాంటీన్ వరుసలో నిలబడినప్పుడు పక్కవాణ్ని ‘అన్నా, గుడ్డు ఉంటే తింటావా?’ అని అడిగి చూడండి. ఆ జవాబులు రాసుకొని పట్టుకుపోతే, వినతిపత్రం సగం తయారైనట్టే.