వృద్ధుల కేసుల్లో మెలికలు ఎన్నో

న్యూఢిల్లీ: బిడ్డల పేర ఇల్లు రాసిచ్చి, ఆపై అదే ఇంటి గడప దాటవలసి వచ్చిన వృద్ధులకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమే ప్రధాన ఆధారం. పోషణ నిరాకరించిన పక్షంలో దానపత్రాన్ని రద్దు చేసే వీలును ఆ చట్టంలోని 23వ సెక్షన్ కల్పిస్తోంది.

అయితే, పోషించాలన్న షరతుపైనే ఆస్తి బదిలీ జరిగినట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. కన్నకొడుకును నమ్మి సంతకం చేసే తల్లి షరతు రాయించుకోవడం అరుదే. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన కేసులో మాత్రం, తల్లి చూపిన హామీపత్రాన్ని పరిగణనలోకి తీసుకుని, దానపత్రం రద్దును అదే న్యాయస్థానం సమర్థించింది.

కోడలు ఆ ఇంటనే ఉంటే చిక్కు మరింత జటిలం. గృహహింస చట్టం కింద ఆమెకు గల నివాస హక్కును విస్మరించి ఖాళీ చేయించరాదని 2020లో తీర్పు వెలువడింది.

ఇంతటి వ్యాజ్యాల్లోనూ ట్రిబ్యునల్ ఎదుట న్యాయవాదులు హాజరు కారాదని 17వ సెక్షన్ నిర్దేశిస్తోంది. కేరళ హైకోర్టు 2021లో దీనికి భిన్నంగా తీర్పు చెప్పింది. ఇక 1987 నాటి న్యాయసేవల చట్టం ఉచిత సహాయానికి అర్హులను పేర్కొన్నా, వృద్ధాప్యాన్ని అందులో చేర్చలేదు. మహిళలకు ఆదాయ పరిమితి లేదు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ వృద్ధులకై ప్రత్యేక పథకాన్ని 2016లో రూపొందించింది.