అనుమంద్రం దాకా దిగిన గిటార్

వీణకు నాలుగు వాయింపు తీగలు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. నాలుగింటి పొడవూ ఒకటే. స్వరం దిగేకొద్దీ తీగ మాత్రం లావెక్కుతుంది. మంద్ర, అనుమంద్రాలకు ఉక్కు తీగ మీద మరో లోహపు తీగ చుట్టి ఉంటుంది. ఢిల్లీలో మెటల్ వాయించే కుర్రాళ్లు గిటార్‌తో పడే పాట్లన్నీ ఈ అనుమంద్రం కోసమే.

కేశవ్ ధర్ ఇంట్లో రికార్డింగులతో మొదలైన ఢిల్లీ బృందం స్కైహార్బర్. దాని మొదటి ఆల్బమ్ 2012లో వచ్చింది. అందులో మార్టీ ఫ్రీడ్‌మన్ అతిథిగా గిటార్ వాయించాడు. మరో ఢిల్లీ బృందం బ్లడీవుడ్ 2019లో ధోల్‌నూ వేణువునూ వెంటబెట్టుకుని జర్మనీలోని వాకెన్ ఉత్సవ వేదిక ఎక్కింది. 2022లో ‘రక్షక్’, 2025లో ‘ను ఢిల్లీ’ ఆల్బమ్‌లు తెచ్చింది. ధోల్ మోత పక్కన గిటార్ నిలవాలంటే దానికీ ఆ బరువు ఉండాలి.

మెటల్ గిటార్ శ్రుతి ఇలా దిగడానికి మూలం ఒక గాయం. బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేస్తున్న టోనీ అయోమీకి 1965లో, పదిహేడో ఏట, కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. అతను ఎడమచేతి వాటం వాడు. తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, బాంజో తీగల్లాంటి సన్న తీగలు కట్టుకున్నాడు. తర్వాత శ్రుతినే దించేశాడు. అతని బృందం బ్లాక్ సబ్బాత్ 1971 ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో కొన్ని పాటలకు గిటార్ మూడు అరస్వరాలు కిందికి దిగింది. నొప్పి తగ్గడానికి చేసిన పని ఒక సంగీతానికే గొంతయింది.

అయితే బిరడా వదులు చేసినంత మాత్రాన మంద్రం పలకదు. తీగ కంపనానికి పొడవు, బిగువు, బరువు అనే మూడింటితోనే లెక్క. ఫ్రాన్స్‌లో మెర్సెన్ 1636లోనే ఆ సూత్రం ప్రకటించాడు. మామూలు గిటార్‌లో లావు తీగ ఇ స్వరంలో సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. దాన్ని సి దాకా దించితే 65. స్వరం తగ్గింది అయిదో వంతే. బిగువు మాత్రం కంపనాల వర్గాన్ని బట్టి మారుతుంది కనుక మూడో వంతుకు పైగా పోతుంది. తీగ పొడవు 25.5 అంగుళాలుండే గిటార్ మీద 46 గేజ్ తీగ, అంటే 0.046 అంగుళాల లావున్నది, సుమారు 8 కిలోల బిగువుతో ఉండేది కాస్తా 5 కిలోలకు పడిపోతుంది. అలాంటి తీగను గట్టిగా మీటితే స్వరం ముందు పైకి ఎగిరి ఆ తర్వాత కిందికి జారుతుంది. తీగ మెట్లకు కొట్టుకుని గరగరలాడుతుంది.

పోయిన బిగువును బరువుతో పూడ్చాలి. పాత బిగువే రావాలంటే సి స్వరానికి 58 గేజ్ కట్టాలి. అయితే ఒంటి ఉక్కును అంత లావు చేస్తే అది తీగలా కాక కడ్డీలా బిరుసెక్కుతుంది. దాని హార్మోనిక్‌లు తమ చోటు తప్పి పైకి జరుగుతాయి. డిస్టార్షన్ ఆ తప్పును ఇంకా పెద్దది చేసి వినిపిస్తుంది. దీనికి విరుగుడు 17వ శతాబ్దపు ఐరోపా వాద్యకారుల చేతిలోనే ఉంది: లోపల సన్నని పేగు తీగ, పైన లోహపు చుట్టు. వంగే గుణం లోపలిదానిది, బరువు పైదానిది. ఇప్పుడు పేగు స్థానంలో ఉక్కు వచ్చిందంతే.

లావుకూ హద్దుంది, ఆపైన పొడవు పెంచాల్సిందే. హిందుస్తానీ వాద్యకారులు సితార్‌ను మంద్రానికి దించడానికి సుర్బహార్ చేసినప్పుడు ఈ రెండు పనులూ కలిపే చేశారు: మెడ పొడవు పెంచారు, తీగలు లావు చేశారు. బారిటోన్ గిటార్ దానికి మేనత్త కూతురనిపిస్తుంది నాకు. 25.5 నుంచి 27 అంగుళాలకు వెళ్తే అదే తీగ, అదే స్వరం 12 శాతం ఎక్కువ బిగువుతో నిలుస్తాయి. సన్న తీగలకు అంత పొడవు అక్కర్లేదు. అందుకే 1989లో రాల్ఫ్ నొవాక్ పేటెంట్ పొందిన విసనకర్ర మెట్లలో ఒక్కో తీగకు ఒక్కో పొడవు.

తీగల సంఖ్యా పెరిగింది. స్టీవ్ వాయ్ కోసం ఇబనెజ్ 1990లో ఏడు తీగల ‘యూనివర్స్’ను అమ్మకానికి తెచ్చింది, 1994లో కోర్న్ బృందం ఆ ఏడో తీగను ఎ దాకా, 55 కంపనాలకు దించింది. స్వీడన్ బృందం మెషుగ్గా ఎనిమిదో తీగతో 44 దగ్గరికి చేరింది. బాస్ గిటార్ అడుగు స్వరం 41. గిటార్ స్పీకర్లు ఆ అడుగు కంపనాన్ని సరిగా పలకలేవు. అయినా మనకు వినిపిస్తుంది, ఎందుకంటే పై హార్మోనిక్‌ల మధ్య దూరాన్ని పట్టి మెదడు లేని మూలస్వరాన్ని కట్టుకుంటుంది.

అందుకే ఎనిమిదో తీగ అందరికీ అవసరమని నేననుకోను. సి దాకా అయితే ఉన్న ఆరు తీగల గిటారే చాలు. 56 నుంచి 60 గేజ్ లావు తీగ కట్టి, నట్ గాడిని దానికి తగ్గట్టు అరగదీయించి, బ్రిడ్జి దగ్గర స్వరస్థానం సరిచేయించాలి. ఎ కావాలంటే 27 అంగుళాలు, 64 గేజ్ దగ్గర మొదలుపెట్టాలి.

ఢిల్లీలో ఇంకో లెక్క కూడా ఉంది. మే నెల పొడి వేడిలో ఎండిన మెడ కర్ర జూలై తేమను పీల్చి వంపు మార్చుకుంటుంది. లావు తీగల లాగుడు దానికి తోడవుతుంది. ఆ వంపును సరిచేసే, మెడ లోపలి ట్రస్ రాడ్‌కు గిబ్సన్ 1923లో పేటెంట్ పొందింది. అలెన్ కీ పెట్టి ఒక్కసారి పావు చుట్టు మాత్రమే తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు చూడాలి. వానల ముందొకసారి, చలి మొదలయ్యాక ఇంకొకసారి.